నాన్నగారి వీపు మీద ఉబ్బిన నల్ల మచ్చలు: పులిపిర్లా, పుట్టుమచ్చలా, క్యాన్సరా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 71 ఏళ్ల మీ నాన్నగారికి ఆరేడేళ్లుగా వీపు మీదా, కణతల దగ్గరా గోధుమరంగు మచ్చలు మొదలై, మెల్లమెల్లగా నల్లబడి, ఉబ్బి, గరుకుగా తయారయ్యాయి. నడుము దగ్గర మొలతాడు ఒరుసుకునే చోట ఉన్నదాని నుంచి పోయిన నెలలో కాస్త రక్తం వచ్చింది. బంధువుల్లో ఒకరు సున్నం, చాకలి సోడా కలిపి పెడితే రాలిపోతాయన్నారు, మరొకరు క్యాన్సర్ కావచ్చని భయపెట్టారు. గుండెకు స్టెంట్ వేయించుకున్నందువల్ల ఆయన రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నారు. ఇవి ఏమిటి, తీయించాలా, ఆయన పక్కనే పడుకునే మనవడికి అంటుకుంటాయా అన్నవి మీ సందేహాలు.

మీరు వర్ణించిన తీరును బట్టి ఇవి చాలావరకు సెబోరిక్ కెరటోసిస్ అనే నిరపాయకరమైన కణితులు. ఇవి క్యాన్సర్ కావు, ఎవరికీ అంటుకోవు, ఇబ్బంది పెట్టకపోతే తీయించాల్సిన అవసరమూ లేదు. అయితే చర్మం విషయంలో కంటితో చూడకుండా చెప్పిన మాట ఎప్పుడూ సగం మాటే కాబట్టి, ముఖ్యంగా రక్తం వచ్చిన ఆ ఒక్కదాన్ని చర్మవైద్యులు స్వయంగా చూడాలి. వాళ్లు చూసేదాకా దాని మీద సున్నం, సోడా, జీడి, యాసిడ్ లాంటివేవీ పెట్టవద్దు. మీకు కావలసిన జవాబు ఇంతే. ఎందుకు అలా అంటున్నానో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక కాస్త వివరంగా చెబుతాను. 22 ఏళ్లుగా గోదావరి జిల్లాల్లో చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను కాబట్టి ఈ మచ్చలు నాకు రోజూ కనిపించేవే.

ముందు పేరు దగ్గర ఉన్న చిక్కు విప్పుకోవాలి. మన ఇళ్లల్లో చర్మం మీద ఉబ్బెత్తుగా కనిపించే ప్రతిదాన్నీ పులిపిరి అనేస్తాం. ఆ ఒక్క మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉంటాయి. పిల్లల వేళ్ల మీదా, మోకాళ్ల మీదా గరుకుగా లేచేవి హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే అసలైన పులిపిర్లు, అవి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. మెడ చుట్టూ, చంకల్లో చిన్న తొడిమతో వేలాడే మెత్తటివి స్కిన్ ట్యాగ్‌లు. ఇవి అధిక బరువు, మధుమేహం ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి మెడ నిండా ఇవి ఉన్నవారు ఎవరు వచ్చినా షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని అడగడం నాకు అలవాటు. బుగ్గల మీదా, కళ్ల కిందా ఆవగింజలు చల్లినట్టు నల్లగా వచ్చేవి మూడో రకం, వాటి గురించి తర్వాత చెబుతాను. నాలుగోది మీ నాన్నగారిది. ఈ నాలుగింటికీ ఒకే పేరు ఉండటం వల్లే ఒకరికి నయమైన చిట్కాను మరొకరి మీద ప్రయోగించి చేతులు కాల్చుకోవడం జరుగుతుంది.

సెబోరిక్ కెరటోసిస్ అన్న పేరు కూడా తిన్ననైనది కాదు. సెబమ్ అంటే చర్మం నుంచి ఊరే జిడ్డు, కానీ ఈ కణితులకు జిడ్డు గ్రంథులతో ఏ సంబంధమూ లేదు. పైన కాస్త మైనం పూసినట్టు, జిడ్డుగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు పడింది. పాత వైద్య గ్రంథాల్లో దీన్ని వెరుకా సెనైలిస్, అంటే ముసలితనపు పులిపిరి అనేవారు. ఆ పేరు రోగి ముఖం మీద చెప్పడానికి బాగుండదు గానీ సగం నిజమే చెబుతుంది: నలభై, యాభై దాటాకే ఇవి ఎక్కువగా మొదలవుతాయి, వయసు పెరిగేకొద్దీ లెక్క పెరుగుతుంది. డెబ్బై దాటినవారి వీపు చూస్తే ఒకటో రెండో కూడా లేనివారు అరుదు. నిజం కాని మిగతా సగం పులిపిరి అన్న మాట, ఎందుకంటే ఇందులో వైరస్ లేదు. కనుక ఆ మనవడు తాతయ్య వీపు మీద పడుకున్నా, ఒకే తువ్వాలు వాడినా ఏమీ కాదు. ఈ కారణంగా తాతను, మనవణ్ణి విడదీయవద్దు.

కణితి అన్న మాట వినగానే గుండె జారుతుంది, అది నేను రోజూ చూస్తాను. కానీ వైద్యంలో కణితి అంటే ఒక చోట కణాలు అవసరానికి మించి పెరగడం, అంతే. ఇక్కడ పెరిగేవి చర్మపు పై పొరలో ఉండి, గోళ్లలోనూ వెంట్రుకల్లోనూ ఉండే కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను తయారు చేసే కణాలు. అవి పైకి పెరుగుతాయి, పక్కకు కొంచెం పరచుకుంటాయి, లోపలి పొరల్లోకి చొచ్చుకుపోవు, రక్తంలో కలిసి మరో అవయవానికి పోవు. విచిత్రం ఏమిటంటే, ఈ మచ్చల కణాల్లో ఎఫ్‌జీఎఫ్ఆర్3, పీఐకే3సీఏ అనే జన్యువుల్లో మార్పులు తరచుగా దొరుకుతాయి, అదే ఎఫ్‌జీఎఫ్ఆర్3 మార్పు కొన్ని మూత్రాశయ క్యాన్సర్లలోనూ ఉంటుంది. ఒకే తాళంచెవి అక్కడ పెద్ద అనర్థానికి తలుపు తీస్తే, ఇక్కడ వీపు మీద ఒక గరుకు మచ్చతో ఆగిపోతుంది. చాలా అరుదుగా, ఇలాంటి మచ్చ ఉన్నచోటే లేదా దాని అంచునే వేరే చర్మ క్యాన్సర్ పుట్టిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి, అందుకే ఉన్నట్టుండి తీరు మారిన మచ్చను మళ్లీ చూపించమంటాం. కానీ మచ్చ దానంతటదే ముదిరి క్యాన్సర్‌గా మారడమన్నది దీని స్వభావం కాదు.

ఇక ఇది ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ తన మచ్చను "గోడకు పిడక కొట్టినట్టుంది బాబూ" అని వర్ణించారు. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసినదాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు. చర్మంలోంచి మొలిచినట్టు కాక, చర్మం మీద ఎవరో తెచ్చి అతికించినట్టు ఉండటమే దీని మొదటి గుర్తు. అంచు చుట్టూ స్పష్టంగా తెలుస్తుంది, గోటితో అంచును పైకి లేపవచ్చేమో అనిపిస్తుంది. ఒక్కోసారి గీరితే పైన పొట్టులా ఊడుతుంది కూడా, తర్వాత మళ్లీ పెరుగుతుంది. లేత గోధుమరంగు నుంచి కారు నలుపు దాకా ఏ రంగైనా ఉండవచ్చు, ఒకే మనిషి వీపు మీద అన్ని రంగులూ ఉండవచ్చు. మిరియపు గింజంత నుంచి రూపాయి బిళ్లను మించినవాటి దాకా చూశాను. రొమ్ము కింద ముడతల్లో, తొడ మడతల్లో చెమటకు నాని మెత్తగా ఉంటాయి, వీపు మీద ఎండి గరుకుగా ఉంటాయి.

మేము వాడే చేతి సాధనం డెర్మోస్కోప్ దీన్ని పదింతలు పెద్దది చేసి చూపిస్తుంది. అందులో చూస్తే తాటిబెల్లం ముక్కలో అక్కడక్కడా గసగసాలు ఇరుక్కున్నట్టు తెల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి కెరటిన్ నిండిన బుడిపెలు. వాటి పక్కనే ముక్కు మీది నల్లమొటిమల నోళ్లలాంటి నల్ల చుక్కలు, ఉపరితలం మీద మెదడు ముడతల్లా మెలికలు తిరిగిన గట్లు, లోయలు కనిపిస్తాయి. ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తే చాలావరకు బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, అవసరం లేకుండానే ధైర్యం చెప్పి పంపించేస్తాను. ఇందుకు పట్టే సమయం ఒక్కో మచ్చకు నిమిషం కూడా కాదు. చర్మవైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు ఈ పరీక్ష చేయమని మొహమాటపడకుండా అడగండి.

ఎందుకు వస్తాయన్న దానికి మూడు కారణాలు చెబుతాం: వయసు, వంశం, ఎండ. తల్లికో తండ్రికో ఎక్కువగా ఉంటే పిల్లలకు యాభై దాటాక ఎదురుచూడవచ్చు, కాబట్టి మీరూ సిద్ధంగా ఉండండి. ఎండ తగిలే ముఖం, మెడ, వీపు మీద ఎక్కువగా రావడాన్ని బట్టి సూర్యకాంతి పాత్ర ఉందనుకుంటాం గానీ, ఎప్పుడూ చొక్కా కిందే ఉండే చోట్ల కూడా వస్తాయి కనుక అదొక్కటే కారణం కాదు. వంకాయ తినడం, వేడి చేయడం, రక్తం చెడిపోవడం, లివర్ సరిగా పని చేయకపోవడం వల్ల ఇవి రావు. ఈ మచ్చల కోసం పథ్యం చేస్తూ ప్రోటీన్ మానేసి నీరసించిన పెద్దవాళ్లను చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మూడో రకం గురించి చెబుతానన్నాను. బుగ్గల మీద, కణతల మీద చిన్న చిన్న నల్ల గింజలుగా వచ్చేదాన్ని డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా అంటారు. ఇటలీకి చెందిన వైద్యుడు ఆల్డో కాస్టెల్లానీ 1925లో దీన్ని వర్ణించాడు, జమైకాలో ఆయన చూసిన రోగుల ఆధారంగా. ఇది సెబోరిక్ కెరటోసిస్‌కు చెల్లెలి లాంటిది: లోపలి నిర్మాణం అదే, కాకపోతే ముదురు చర్మం ఉన్నవారిలో, ఆడవాళ్లలో ఎక్కువగా, పాతికేళ్లలోపే మొదలవుతుంది. మీ ఇంట్లో అమ్మగారికో మేనత్తగారికో ముఖం మీద ఇవి ఉంటే అదే వంశపు చర్మం అనుకోండి. పాదాల మీద, చీలమండల చుట్టూ తెల్లటి పొడి సున్నపు పెచ్చుల్లా అంటుకుని, గోటితో గీరితే రాలిపోయే స్టక్కో కెరటోసిస్ అనేది మరో తోబుట్టువు. దానికి ఏమీ చేయనక్కరలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటుకు వద్దాం. నా అనుభవంలో ఈ మచ్చ వల్ల ఎవరికీ ప్రమాదం జరగలేదు. ప్రమాదం జరిగినవన్నీ మరొకదాన్ని ఇదే అనుకోవడం వల్ల, లేదా ఇది ఏదో తెలుసుకోకుండానే కాల్చేయడం వల్ల జరిగినవి.

ఒక ఉదాహరణ చెబుతాను. పొలం పని చేసుకునే 66 ఏళ్ల ఆవిడ ముక్కు పక్కన కందిగింజంత నల్ల బుడిపెతో వచ్చారు. దాన్ని పులిపిరి అని చెప్పి రెండేళ్లలో రెండుసార్లు ఒక చోట యంత్రంతో కాల్చారు. కాల్చిన ప్రతిసారీ మానినట్టే మాని మళ్లీ లేచింది. నేను చూసేసరికి మధ్యలో గుంట పడి చెక్కు కట్టింది, చుట్టూ అంచు ముత్యంలా మెరుస్తూ, సన్నటి పూసలు గుచ్చినట్టు ఉంది. చిన్న ముక్క తీసి పాథాలజీకి పంపితే బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది. ఇది చర్మ క్యాన్సర్లలో అతి నెమ్మదైనది, రక్తంలో కలిసి మరో అవయవానికి పాకడం చాలా అరుదు, సకాలంలో పూర్తిగా తీసేస్తే నయమైపోతుంది. కానీ తెల్లవారి పుస్తకాల్లో గులాబి రంగులో కనిపించే ఈ క్యాన్సర్ మన చర్మం మీద తరచుగా నల్లగా ఉంటుంది కాబట్టి పులిపిరిలా, పుట్టుమచ్చలా మోసం చేస్తుంది. మొదటిసారి కాల్చినప్పుడే ఒక ముక్క పరీక్షకు పంపి ఉంటే, ఆవిడకు ముక్కు పక్కన అంత పెద్ద కోత, పక్క చర్మాన్ని జరిపి కుట్టే శస్త్రచికిత్స తప్పేవి.

రెండోది మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. ఇది భయంకరమైనదే గానీ మనవాళ్లలో అరుదు. వచ్చినప్పుడు మాత్రం అది వీపు మీద కన్నా ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోరు కింద వస్తుంది. సెబోరిక్ కెరటోసిస్ అరికాలిలో, అరచేతిలో రాదు. కాబట్టి పెద్దవయసులో అక్కడ కొత్తగా నల్ల మచ్చ గానీ, ఒకే గోరు కింద వెడల్పవుతున్న నల్ల చార గానీ కనిపిస్తే దాన్ని పులిపిరి అనుకుని ఊరుకోకూడదు. చెప్పుల్లేకుండా తిరిగే మన పెద్దవాళ్లు అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకున్న మచ్చ అనో, ఆనెకాయ అనో అనుకుంటారు. మీ నాన్నగారి వీపు చూసేటప్పుడు పనిలో పనిగా అరికాళ్లు కూడా ఒకసారి తిప్పి చూడండి.

ఇక వీపు మీద ఉన్నవాటిలో దేన్ని అనుమానించాలి? నేను వాడే పద్ధతి చాలా సులువైనది: అన్నింటినీ కలిపి చూసి, ఆ గుంపులో కలవనిది ఏది అని వెతుకుతాను. ఇరవై మచ్చలు ఒకే కుటుంబంలా ఉండి, ఒక్కటి మాత్రం వేరే ఊరి మనిషిలా కనిపిస్తే దాని మీదే నా చూపు నిలుస్తుంది. ఏళ్ల తరబడి కాక వారాల్లో, నెలల్లో పెరిగినది, అంచు ఒక పక్క మసకబారి చర్మంలోకి పాకినది, ఒకే మచ్చలో నలుపు, నీలం, ఎరుపు, తెలుపు కలగలిసినది, ఏ ఒరిపిడీ లేకుండానే రక్తం వచ్చేది, పుండు పడి నెల దాటినా మాననిది ఇలాంటివే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్యాన్సర్ అని అర్థం కాదు, ముక్క తీసి పరీక్షకు పంపాలని అర్థం.

ఇంటర్నెట్‌లో వెతికి ఉంటే మీకు లెసెర్-ట్రెలా లక్షణం అన్న మాట తగిలే ఉంటుంది. ఉన్నట్టుండి, కొద్ది వారాల్లో లేదా నెలల్లో, ఒంటి మీద ఇలాంటి మచ్చలు డజన్ల కొద్దీ దురదతో పుట్టుకొస్తే లోపల జీర్ణకోశంలోనో మరెక్కడో క్యాన్సర్ ఉండవచ్చన్నది దాని సారాంశం. జర్మనీకి చెందిన ఎడ్మండ్ లెసెర్, ఫ్రాన్స్‌కు చెందిన ఉలిస్ ట్రెలా అనే ఇద్దరు సర్జన్ల పేరు దానికి పెట్టారు. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ క్యాన్సర్ రోగుల ఒంటి మీద చూసినవి ఈ మచ్చలు కావు, పెద్దవయసులో వచ్చే ఎర్రటి రక్తనాళపు చుక్కలని తర్వాత తేలింది. క్యాన్సర్, ఈ మచ్చలు రెండూ వయసుతో పాటే పెరిగేవి కాబట్టి ఈ సంబంధం ఎంత నిజమన్న వాదన ఇంకా ఉంది. అయినా నేను దాన్ని కొట్టిపారేయను. హఠాత్తుగా గుంపుగా వచ్చి, దాంతోపాటు ఆకలి మందగించడం, బరువు తగ్గడం, రక్తహీనత, మెడ మడతల్లో చర్మం మఖమల్‌లా నల్లగా మందం కావడం ఉంటే కడుపు పరీక్షలకు పంపుతాను. మీ నాన్నగారికి ఆరేడేళ్లుగా ఒక్కొక్కటే వచ్చాయి కాబట్టి ఈ సంగతి ఆయనకు వర్తించదు.

రక్తం వచ్చిన మచ్చ విషయం. మొలతాడు, పంచె ముడి, బెల్టు, ఆడవాళ్లకైతే లంగా బొందు, బ్రా పట్టీ, మెడలో పుస్తెలతాడు ఒరుసుకునే చోట ఉన్న సెబోరిక్ కెరటోసిస్ తరచుగా రేగుతుంది. చుట్టూ ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, చెక్కు కట్టి ఊడి రక్తం కారుతుంది. మీ నాన్నగారు వాడే మాత్రల వల్ల ఆ కాస్త రక్తమూ ఎక్కువసేపు కారి ఉండవచ్చు. కాబట్టి ఇది ఒరిపిడి వల్లే అయి ఉండే అవకాశం ఎక్కువ. కానీ రేగిన మచ్చ డెర్మోస్కోప్ కింద కూడా తన అసలు రూపం చూపించదు, మంటవల్ల గుర్తులన్నీ చెరిగిపోతాయి. అందుకే నేనైతే రెండు మూడు వారాలు ఒరిపిడి తగలకుండా చేసి, మామూలు వాజలీన్ రాయించి, తగ్గాక మళ్లీ చూస్తాను. తగ్గకపోతే మచ్చనంతా తీసి పరీక్షకు పంపుతాను. స్టెంట్ కోసం ఇచ్చిన మాత్రలను ఈ చిన్న పనికోసం మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపవద్దు. వాటిని ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఈ మచ్చ తీసేటప్పుడు వచ్చే రక్తాన్ని ఆపడం మాకు పెద్ద పని కాదు, మాత్రలు కొనసాగిస్తూనే తీయవచ్చు.

సున్నం, చాకలి సోడా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది పని చేయదని చెబితే ఎవరూ నమ్మరు, కొన్నిసార్లు పని చేసినట్టే కనిపిస్తుంది కూడా. తడి సున్నం, సోడా కలిస్తే రసాయన చర్య జరిగి కాస్టిక్ సోడా తయారవుతుంది. డ్రైనేజీ గొట్టాలు శుభ్రం చేయడానికి వాడే పదార్థం అదే. యాసిడ్ చర్మాన్ని కాల్చినప్పుడు పైన గట్టి పెచ్చు కట్టి కొంతవరకైనా తనను తానే అడ్డుకుంటుంది, క్షారం అలా కాదు, కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. మచ్చ ఉండేది పై పొరలో, కాలేది ఆ కింద పొరలన్నీ. మధుమేహం ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారు మెడ మీద మచ్చకు ఇలాగే రాత్రి పెట్టుకుని పడుకుంటే, తెల్లారేసరికి పావలా బిళ్లంత నల్లటి పుండు పడింది. మానడానికి ఏడు వారాలు పట్టింది, చివరికి అక్కడ ఉబ్బెత్తు మచ్చ మిగిలింది. ఆయన నాతో అన్న మాట, "ముందున్నదే అందంగా ఉందండీ."

చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం అంతకన్నా చెడ్డది: పెట్టినచోట కాల్చడమే కాక, దాని పడని గుణం వల్ల ముఖమంతా వాచి నీటి పొక్కులు రావచ్చు. వెంట్రుకతో గానీ దారంతో గానీ ముడివేసే పద్ధతి తొడిమ ఉన్న స్కిన్ ట్యాగ్‌కు కొంతవరకు పనిచేస్తుంది. సెబోరిక్ కెరటోసిస్‌కు సాధారణంగా తొడిమే ఉండదు, ముడి వేయడానికి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

తీయించుకోవాలనుకుంటే ఉన్న మార్గాలు ఇవి. దురద, ఒరిపిడి, రక్తం కారడం, అనుమానం, లేదా చూడటానికి బాగుండలేదన్న బాధ, వీటిలో ఏదైనా సరైన కారణమే. కణతల మీద మచ్చలు మనసుకు కష్టంగా ఉన్నాయని ఒక పెద్దాయన అంటే ఈ వయసులో అందమెందుకని నవ్వే ఇళ్లు చాలా ఉన్నాయి, నాకు ఆ నవ్వు నచ్చదు.

పల్చటివాటికి రేడియో తరంగాల యంత్రం లేదా విద్యుత్ వేడితో కాల్చే ఎలక్ట్రోకాటరీతో చాలా తక్కువ శక్తితో తాకించి, మెత్తబడిన పొరను క్యూరెట్ అనే చిన్న గరిటెలాంటి పరికరంతో గీకి తీయడం నేను ఎక్కువగా చేసే పని. ముందు ఒక గంట మొద్దుబరిచే క్రీము రాయడమో, లిగ్నోకెయిన్ సూది ఇవ్వడమో చేస్తాం. మందంగా, పెద్దగా ఉన్నవాటిని బ్లేడుతో చర్మానికి సమాంతరంగా చెక్కి తీస్తే కుట్లు అవసరం ఉండదు, పరీక్షకు పంపడానికి మంచి ముక్క దొరుకుతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు కాటరీకి ముందే ఆ సంగతి తప్పక చెప్పాలి. స్టెంట్‌కు ఆ ఇబ్బంది లేదు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కూడా మంచి సాధనమే, కాకపోతే అది మచ్చను ఆవిరి చేసేస్తుంది కాబట్టి పరీక్షకు ఏమీ మిగలదు. గుర్తింపు ఖాయమైన మచ్చలకే అది సరి.

పాశ్చాత్య దేశాల్లో మొదటి మాట ద్రవ నత్రజనితో గడ్డకట్టించే క్రయోథెరపీ. మైనస్ 196 డిగ్రీల చలి క్షణాల్లో పని ముగిస్తుంది. అయితే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు మహా సుకుమారమైనవి, మైనస్ 5 డిగ్రీల దగ్గరే దెబ్బతింటాయి, మచ్చ కణాలు చావాలంటే అంతకన్నా చాలా ఎక్కువ చలి కావాలి. ఫలితంగా మన చామనఛాయ చర్మం మీద నల్ల మచ్చ పోయి దాని స్థానంలో తెల్ల మచ్చ మిగలవచ్చు. అది చూసి ఊళ్లో బొల్లి అనుకుంటారు. అందువల్ల ముఖం మీద నేను దీన్ని వాడను, వీపు మీద మాత్రం ముందే చెప్పి వాడతాను. అమెరికాలో ఉన్న మన వాళ్లు అక్కడి వైద్యులను ఈ ప్రశ్న ముందే అడగడం మంచిది. అక్కడ 2017 డిసెంబరులో ఈ మచ్చల కోసమే 40 శాతం గాఢత గల హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణానికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది గానీ, తర్వాత కంపెనీయే అమ్మకం ఆపేసింది. మన మందుల షాపులో పుండ్లు కడగడానికి దొరికే పెరాక్సైడ్ దానికన్నా ఎంతో పలుచనిది, రాసినా ఉపయోగం లేదు. యూరియా, లాక్టిక్ యాసిడ్ ఉన్న క్రీములు గరుకుదనం, దురద తగ్గిస్తాయి, మచ్చను పోగొట్టవు.

తీసిన మచ్చ ఆ చోట మళ్లీ రావడం తక్కువే గానీ, పక్కన కొత్తవి వస్తూనే ఉంటాయి. ఇరవై ఉంటే ఇరవై తీయించాలన్న పట్టుదల వద్దు. ఇబ్బంది పెట్టే రెండు మూడింటిని తీయించి మిగతావాటి జోలికి పోకపోవడమే నేను ఎక్కువమందికి ఇచ్చే సలహా. ఎవరైనా ఒకే సిట్టింగ్‌లో ఒంటి మీదున్నవన్నీ కాల్చేస్తామని, పరీక్షకు ఏదీ పంపనక్కర లేదని అంటే, చూడకుండానే అన్నారో, చూసి అన్నారో ఒకసారి అడగండి.

వెళ్లే ముందు ఈ పని చేయండి. పగటి వెలుతురులో వీపు మొత్తం ఒక ఫొటో, అనుమానంగా ఉన్నదాని పక్కన రూపాయి నాణెం పెట్టి దగ్గరగా ఒక ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. ఆరు నెలల తర్వాత పెరిగిందా లేదా అన్న ప్రశ్నకు మన జ్ఞాపకం కన్నా ఆ నాణెమే నిజం చెబుతుంది. మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. అక్కడ ఆయన ఒక్క మచ్చే చూపించి చొక్కా దించేసుకుంటారు, మగవాళ్లు దాదాపు అందరూ అంతే. చొక్కా పూర్తిగా విప్పించి, వీపు, ఛాతీ, తలలో వెంట్రుకల మధ్య, అరికాళ్లు చూపించే బాధ్యత మీది.

ఈలోగా మొలతాడును నాలుగు వేళ్లు పైకో కిందకో జరపమనండి, బిగుతుగా ఉంటే వదులు చేయించండి. ఒరిపిడి ఆగితే చాలాసార్లు రక్తం కూడా ఆగిపోతుంది. నా దగ్గరకు వచ్చే ఒక ఎనభై ఏళ్ల పెద్దాయనకు సరిగ్గా అదే చోట మచ్చ ఉంది, మొలతాడు కొన్నాళ్లు తీసేయమంటే ససేమిరా అన్నారు, మా నాన్న కట్టిన రోజు నుంచి అది లేకుండా ఒక్క రోజు లేనన్నారు. సరేనని మచ్చనే తీసేశాం, పది నిమిషాల పని. పరీక్షలో సెబోరిక్ కెరటోసిస్ అనే వచ్చింది, మొలతాడు దాని చోట అదే ఉంది.